గాజులోళ్ళ నక్షా

గాజులు అమ్ముకునేవాళ్ళకు నక్షా ఎందుకని మొదట నవ్వింది భద్రమ్మే. నక్షాలుంటే జాగీర్దార్లకు ఉండాలి, పట్వారీలకు ఉండాలి. భుజాన దారానికి గుచ్చిన గాజుల మలారం వేసుకుని వాడవాడా తిరుగుతూ కేకలు పెట్టే మనిషికి వాటితో ఏం పని? "మనకేమన్న నైజాము ఊర్లు రాసిచ్చిండా, గీతలు గీసుకుంట కూసుంటున్నవ్?" అని మొగుడు గురవయ్యను ఆటపట్టించింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది, నిజమే. ఆ పంట ఎవరి గొంతుకు అడ్డం పడుతుందో అప్పుడెవరికి తెలుసు?

గురవయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పడుచుతనంలో భూములు కొలిచే సర్వేవాళ్ళ వెంట గొలుసు మోశాడు. గుట్టను, వాగును, బాటను వాళ్ళు కాగితం మీదికి ఎట్లా దింపుతారో పక్కన నిలబడి చూశాడు. ఆ కొలువు పోయి పెళ్ళాం వెంట గాజుల పెట్టె మోసే పనికి దిగినా గీతల మీద మోజు మాత్రం వదల్లేదు. ఒకనాడు ఒక ముతక గాడా గుడ్డ పరిచి, దీపపు మసిలో జిగురు కలిపి, నకిరేకల్లు నుంచి గుట్టల దాకా తాము తిరిగే పల్లెలన్నీ దాని మీద గీశాడు. పల్లెకు వాడలు, వాడకు ఇళ్ళు.

గాజుల బేరంలో కష్టమంతా మోతలోనే ఉంది. ఎవరికి ఏ సైజు కావాలో, ఏ రంగు కావాలో తెలియక అన్నీ మోసుకుపోతారు. సగం అమ్ముడుపోవు, కొన్ని దారిలోనే చిట్లిపోతాయి. గురవయ్య ఆలోచన సులువైనది. ఏ ఇంట్లో ఏ గిరాకీ ఉందో ముందే గుర్తు పెట్టుకుంటే ఆ పల్లెకు పనికొచ్చే గాజులే పట్టుకుపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంటికి చుక్క పెట్టాడు. కొత్త కోడలు వచ్చిన ఇంటికి అడ్డగీత. మొగుడు పోయిన ఆడది ఒంటరిగా ఉన్న ఇంటికి ఏ గుర్తూ లేదు. ఆ గడప ముందు కేక కూడా వేయకుండా దాటిపోవాలి. కడుపుతో ఉన్న ఆడకూతురి ఇంటికి సున్న చుట్టాడు.

అన్నిట్లోకీ ఈ సున్నలే ముఖ్యం. తొలిచూలు ఇంటివాళ్ళు గాజులామెను పిలవరు. నోరు తెరిచి పిలిస్తే దిష్టి తగులుతుందని భయం. ఐదో నెల పడేసరికి ఆమే, ఏమీ ఎరగనట్టు, దారిన పోతూ పోతూ ఆ గడప ముందు ఆగాలి. అప్పుడు అత్తగారు "వచ్చినవు గద, పచ్చగాజులున్నయా?" అని అడుగుతుంది. అట్లా వేళకు వచ్చిన గాజులామె చెయ్యి మంచిదని చెప్పుకుంటారు. నక్షా గీసుకున్నాక భద్రమ్మ ఎప్పుడూ వేళకే వచ్చేది. "ఈమెకు ఎవలు చెప్తరో ఏమో" అని ఆడవాళ్ళు బుగ్గన వేలేసుకునేవాళ్ళు. భద్రమ్మ ముసిముసిగా నవ్వుకునేది. నకిరేకల్లులో మిగతా గాజులవాళ్ళు మధ్యాహ్నానికి కూడా సగం మలారంతో ఈసురోమంటుంటే ఈమె ఖాళీ భుజంతో ఇల్లు చేరేది.

బోడగుట్టలో గొల్లవాడ చివరి ఇల్లు గుర్వమ్మది. గొర్లు కాసుకునే ఇల్లు. మొగుడు ఐలేశం, అత్త బాలనర్సమ్మ. కిందటేడు దొర గడీ మీదికి జనం పోయి తుపాకులు గుంజుకున్నప్పుడు ముందు నడిచినవాళ్ళలో ఐలేశం ఒకడు. ఆ రోజు నుంచి అతను అడవిలో దళంతో ఉన్నాడు. ఊళ్ళో మాత్రం బొంబాయి మిల్లుకు పోయాడని చెప్పుకున్నారు. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నోరు మూసుకున్నారు.

ఒకనాడు గుర్వమ్మ మామూలు గాజుల కోసం చెయ్యి చాపింది. గాజులామెకు కళ్ళకంటే వేళ్ళే ఎక్కువ చూస్తాయి. ఆ మణికట్టు పట్టుకోగానే పిల్ల కడుపుతో ఉందని భద్రమ్మకు తెలిసిపోయింది. తలెత్తి మొహంలోకి చూసింది. గుర్వమ్మ కళ్ళలో నీళ్ళు నిండాయి. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"అక్కా, ఆయన అప్పుడప్పుడు వచ్చి పోతడు. ఈ ముచ్చట బయట పడ్డదంటె ఆయన పాణం దక్కది. నీ కాళ్ళు మొక్కుత."

"నా గాజుల మీద ఒట్టు బిడ్డా" అంది భద్రమ్మ. తొలిచూలు పిల్ల బోసి చేతులతో ఉండకూడదని, మోచేతి దాకా పచ్చగాజులు తొడిగి, కొంగు కప్పుకొమ్మని చెప్పి వచ్చింది. వాడలో ఎవరికీ చెప్పలేదు. బావి దగ్గర చెప్పలేదు. ఇంటికి పోయి అన్నం తింటూ మొగుడికి చెప్పింది. మొగుడికి చెప్పడం చెప్పడం కిందికి రాదని ఏ ఆడదైనా అనుకుంటుంది. గురవయ్య విన్నాడు, చేయి కడుక్కున్నాడు, అలవాటు కొద్దీ నక్షా విప్పి గొల్లవాడ చివరి ఇంటి మీద సున్న చుట్టాడు. దున్నేవాడి చెయ్యి నిద్రలోనూ మేడి పట్టినట్టు అతని చెయ్యి ఆ పని చేసేసింది. భద్రమ్మ చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కంచెర్ల అడ్డరోడ్డు దగ్గర కొత్తగా పోలీసు క్యాంపు పడింది. ఆ సంగతి తెలియక ఇద్దరూ పొద్దున్నే ఆ దారినే బయలుదేరారు. తెలిసేసరికి వెనక్కి తిరిగే వీలు లేదు. దారికి అడ్డం కట్టిన నాకా దగ్గర జవాన్లు అప్పటికే చూశారు. వెనక్కి తిరిగినవాణ్ణి కాల్చడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

జవాను ఒకడు మలారాన్ని తుపాకి కొసతో పొడిచి చూశాడు. పుటుక్కున దారం తెగి గాజులు నేల మీద చెల్లాచెదురయ్యాయి. భద్రమ్మ ఏరుకోవడానికి వంగబోతే బూటు అడ్డం పెట్టాడు. ఇంకొకడు గురవయ్య పెట్టె బోర్లించాడు. అడుగున మడిచి పెట్టిన గుడ్డ బయటపడింది.

డేరా ముందు మంచం మీద కూర్చున్న పోలీసు అమీను ఆ గుడ్డ విప్పాడు. గుట్టలు, బాటలు, వాగు, వాడలు, ఇళ్ళు. అతని మొహం మారిపోయింది.

"క్యా హై యే?" అన్నాడు. తర్వాత వచ్చీరాని తెలుగులో, మెల్లగా, "ఎవరు గీసిన్రు?"

"నేనే సర్కార్" అన్నాడు గురవయ్య.

"ఈ సున్నలేంది?"

గురవయ్య మాట్లాడలేదు. తుపాకి మడమతో భుజం మీద ఒకటి పడింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అయినా మాట్లాడలేదు. భద్రమ్మకు అర్థం కాలేదు. ఈయనకేమైంది? గాజుల గిరాకీ అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేదానికి నోరెందుకు కుట్టేసుకున్నాడు?

"నేను చెప్పాల్నా?" అన్నాడు అమీను. "ఇవి దళానికి అన్నం పెట్టే ఇండ్లు. పండుకోను జాగా ఇచ్చే ఇండ్లు. సాయంత్రం లోపట ఈ సున్నలున్న ఇండ్లన్ని కాలబెట్టిస్త."

ఇంకో దెబ్బ పడింది. గురవయ్య చెవి దగ్గర నెత్తురు కారింది. భద్రమ్మ ఇక ఆగలేకపోయింది.

"అయ్యో బాంచెన్! కాలబెట్టకున్రి! గవి కడుపుతోని ఉన్న ఆడోళ్ళ ఇండ్లు దొరా! పచ్చగాజులు తొడగాలె గద, యాది మరువకుంట గీసుకున్నం. పోయి చూసుకోన్రి, ఇంటింటికి కడుపుతోని ఉన్న ఆడివిల్లే ఉంటది!"

అమీను ఒక్క క్షణం ఆమెను చూసి పగలబడి నవ్వాడు. జవాన్లూ నవ్వారు. కొట్టే చెయ్యి ఆగింది. భద్రమ్మకు పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. నిజం చెప్పాను, బయటపడ్డాం అనుకుంది.

గురవయ్య మాత్రం తల ఎత్తలేదు. నేల మీద పరిచిన గుడ్డలో ఒకే చోట అతని చూపు గుచ్చుకుని ఉంది. ఆ చూపు వెంటే భద్రమ్మ చూపూ పోయింది. బోడగుట్ట. గొల్లవాడ. చివరి ఇల్లు. దాని మీద సున్న.

మొగుడు ఎందుకు నోరు విప్పలేదో, తాను ఏం చెప్పేసిందో ఒక్కసారే అర్థమైంది. ఎవరూ చూడకపోతే బాగుండు, ఎవరూ చూడకపోతే బాగుండు అని లోపల వెయ్యి దేవుళ్ళకు మొక్కుకుంది.

జవాన్లకు దారులు చూపడానికి గడీ నుంచి వచ్చిన మల్లప్ప అనే మనిషి అమీను పక్కనే ఉన్నాడు. ఆ పల్లెల్లో అతనికి తెలియని గడప లేదు. గుడ్డ మీదికి వంగి వేలు పెట్టి సరదాగా చూడడం మొదలుపెట్టాడు. "గిది బావి. గిది గొల్లవాడ సందు. భలే గీసిండు. గీ ఆఖరి ఇల్లు..." వేలు ఆగిపోయింది. "గిది ఐలేశం ఇల్లు గద?"

నవ్వులు ఆగిపోయాయి.

"మొగడు బొంబాయిల ఉన్నడన్నరు" అన్నాడు అమీను. "కడుపు బొంబాయి నుంచి టపా తార్ల వచ్చిందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమీను లేచి బూట్లు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడంలోనే భద్రమ్మకు జరగబోయేదంతా కనిపించింది. గుర్వమ్మను క్యాంపుకు తెస్తారు. క్యాంపుకు పోయిన ఆడవాళ్ళు తిరిగి వచ్చాక ఎవరితోనూ మాట్లాడడం లేదు. లేదంటే ఇంట్లోనే మాటు వేసి కూర్చుంటారు. ఏదో ఒక పొద్దు ఐలేశం పెళ్ళాన్ని చూడ్డానికి వస్తాడు, గడపలోనే కాలుస్తారు. ఇదంతా తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకు.

నోటితో కట్టిన ముడి నోటితోనే విప్పాలి. ఆ కడుపు ఐలేశంది కాదనాలి. కాకపోతే ఎవరిదని అడుగుతారు. ఏ పేరు చెప్పినా ఆ పేరుగల మనిషిని ఈడ్చుకొస్తారు, చితకబాదుతారు, వాడు లబోదిబోమని కాదంటాడు. అప్పటికే వాళ్ళ చేతికి చిక్కిన మగవాడు, తాను ఏం చెప్పినా కాదనని మగవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ళ మీద నెత్తురు కారుతూ కూర్చున్నాడు.

"ఆ కడుపు ఐలేశంది కాదు దొరా" అంది భద్రమ్మ.

"మరెవలది?"

"నా మొగనిది."

అంటూనే గురవయ్య మీద పడింది. రెండు చేతులా వీపు మీద గుద్దింది. "నాకు తెల్వకుంట సున్న చుట్టుకున్నవా, నీ బతుకు పాడుగాను! అందుకేనా ఎన్ని దెబ్బలు తిన్నా నోరు తెరువలే? బోడగుట్ట బోడగుట్ట అని కాలు నిలువకపాయె, ఇందుకేనా?" ఆమె నిజంగానే గుద్దుతోంది. భయమంతా పిడికిళ్ళలోకి వచ్చింది.

గురవయ్య తలెత్తి పెళ్ళాం మొహం చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పరాయి ఆడదాని చేతి వంక కూడా చూడని మనిషి. పెళ్ళాం గాజులు తొడుగుతుంటే పెట్టె పక్కన గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఇప్పుడు అందరి ముందూ తల వంచాడు.

"తప్పయింది సర్కార్" అన్నాడు.

అమీను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు, అదే భయం. "చలో" అన్నాడు. "ఆమెనే అడుగుదాం."

బోడగుట్ట దాకా నడక భద్రమ్మకు ఎట్లా సాగిందో తెలియదు. ముందు జవాన్లు, వెనక జవాన్లు, నడుమ తామిద్దరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుర్వమ్మకు ఏమీ తెలియదు. పోగానే అమీను అడుగుతాడు, ఆ పిల్ల వెర్రిమొహం వేస్తుంది, లేదంటే ఏ ఇల్లాలైనా చెప్పే మాటే చెప్తుంది: నా మొగనిది. అంతే. వీళ్ళు అడగకముందే తాను ఆమెను అందుకోవాలి.

గొల్లవాడ కనిపించగానే భద్రమ్మ జుట్టు విరబోసుకుని పరుగెత్తింది. "ఓసి గుర్వమ్మా! బయటికి రావే!" ఒక జవాను తుపాకి ఎత్తబోతే అమీను వద్దని చెయ్యి ఊపాడు. ఆడవాళ్ళ జుట్లు పట్టుకునే తగవు చూడ్డానికి ఎవరికి సరదా ఉండదు?

గుర్వమ్మ గడపలోకి వచ్చింది. భద్రమ్మ ఆమె మీద విరుచుకుపడింది. "నీ మొగడు బొంబాయిల ఉంటె నా మొగణ్ణి పట్టుకుంటివానే! నా మొగని కడుపు మోసుకుంట నా చేతులతోనే పచ్చగాజులు తొడిగించుకుంటివానే!" అంటూ రెండు చేతులూ పట్టి గుంజింది. తాను తొడిగిన గాజులు తన గుప్పిట్లోనే పటపటమన్నాయి. గాజులవాళ్ళ ఇళ్ళలో గాజు పగిలింది అనే మాట కూడా నోట రానివ్వరు, పెరిగింది అంటారు. కడుపుతో ఉన్న ముత్తైదువ చేతి గాజులు కావాలని విరగ్గొట్టడం భద్రమ్మ కలలో కూడా చేయని పాపం. ఆ పిల్ల మణికట్టు మీద నెత్తురు చూస్తూనే, జుట్టులోకి మొహం దూర్చి, పళ్ళ బిగువున అంది:

"ఔననవే బిడ్డా. ఔనంటెనే ఆయన బతుకుడు."

గుర్వమ్మ కొయ్యబారిపోయింది. విన్నదో లేదో తెలియలేదు. అంతలో లోపలి నుంచి అత్త బాలనర్సమ్మ కట్టె పట్టుకుని వచ్చింది. ముసలిది మర్యాద గల మనిషి, అదే కొంప ముంచేటట్టుంది.

"ఎవలే నువ్వు, నా ఇంటి ముంగట నిలవడి! నా కోడలు నిప్పు! ఎవలనుకుంటున్నవే అది? ఆ కడుపు నా కొ..."

"అత్తా, ఊకో!" గుర్వమ్మ అరిచిన అరుపుకు ముసలామె నోటి మాట నోట్లోనే నిలిచిపోయింది. గుర్వమ్మ నేల చూపులు చూస్తూ, వాడంతా వినేటట్టు అంది: "ఔను. గాజుల గురవయ్యదే."

బాలనర్సమ్మ కోడలిని చూసింది. భద్రమ్మను చూసింది. అప్పుడు సందు మొగదల నిలబడ్డ బూట్లు, మల్లప్ప తలపాగా ఆమె కంటబడ్డాయి. కట్టె చేతిలోంచి జారిపోయింది. ఆమె నేల మీద చతికిలబడి, గుప్పెడు దుమ్ము తీసి నెత్తిన పోసుకుంది. "నా కొడుకు పరదేశంల చెమటోడుస్తుంటె నా ఇల్లు గిట్లయిపాయె!" అని రాగం తీసి ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత నటనో, ఎంత నిజమో భద్రమ్మకు ఎన్నటికీ తెలియలేదు.

జవాన్లు కడుపుబ్బ నవ్వుకున్నారు. అమీను నక్షాను గురవయ్య మొహాన విసిరి ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. మల్లప్ప మాత్రం సందు మలుపు తిరిగే దాకా వెనక్కి చూస్తూనే పోయాడు.

అంతటితో ఊళ్ళో అయిపోలేదు. చూసినవాళ్ళందరూ నమ్మారు. నమ్మాలనే కదా చెప్పింది! గొల్లవాడ కుర్రవాళ్ళు గురవయ్యను చెప్పులతో కొట్టారు. కులపెద్దలు కూర్చుని గాజులవాళ్ళు ఇక బోడగుట్ట పొలిమేర తొక్కరాదన్నారు. ఒక్కమాట చెప్తే ఆ దెబ్బలు ఆగేవి. ఆ మాట సాయంత్రానికి మల్లప్ప చెవిన పడేది. గురవయ్య ఎవరినీ ఏమీ అనకుండా దెబ్బలు తిన్నాడు. ఇంటికి వచ్చి నక్షాను పొయ్యిలో పెట్టాడు. గుడ్డ కదా, తొందరగా అంటుకోలేదు, ఊదుతూ కూర్చున్నాడు.

తప్పు మాట చెప్పులు తొడుక్కోకుండానే ఊళ్ళు తిరుగుతుంది. మిగతా పల్లెల్లోనూ గురవయ్యను చూసి తలుపులు మూశారు. భద్రమ్మ ఒక్కతే నక్షా లేకుండా గుర్తు మీదే మలారం మోసుకు తిరిగేది. అయితే ఆమెను తిననివ్వని భయం అది కాదు. మాట ఊళ్ళు తిరిగితే అడవికీ పోతుంది. ఐలేశం చెవిన పడుతుంది. అతను ఎంత కోపిష్టివాడో అందరికీ తెలుసు. మందలో పడ్డ తోడేలును చేతిగొడ్డలితో వెంటాడి చంపినవాడు. ఇప్పుడతని చేతిలో గొడ్డలి కాదు, తుపాకి ఉంది.

"వస్తె రానియ్" అన్నాడు గురవయ్య. "ఆయన ఆలి ముచ్చట. అడిగే హక్కు ఆయనకున్నది."

"నిన్ను అడుగడయ్యా, కాలుస్తడు! అడిగినంక గద మనం చెప్పేది!"

వాకిట్లో ఎండుటాకు కదిలినా ఆమె ఉలిక్కిపడేది. దీపాలు పెట్టే వేళైతే మొగుణ్ణి వెనక అర్రలో కూర్చోబెట్టి తాను గడపకు అడ్డంగా కూర్చునేది.

ఒక సాయంత్రం దీపం వెలిగించి తిరిగేసరికి గడపలో మనిషి ఉన్నాడు. నెత్తి మీది నుంచి గొంగడి కప్పుకున్నాడు. గొంగడి అంచు కింద తుపాకి మొన కనిపిస్తోంది. భద్రమ్మ దీపం గూట్లో పెట్టింది.

"గురవయ్య ఏడి?"

ఆమె రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "ఆయన తప్పేం లేదు తమ్మీ. సున్న గీసింది ఆయన, గని నోరు జారింది నేను. అబద్ధమాడింది నేను. కాలిస్తె నన్ను కాల్చు. నీ ఆలి బంగారం. నీ బిడ్డ..."

వెనక నుంచి గురవయ్య ఆమెను పక్కకు జరిపి ముందుకు వచ్చాడు. అతని చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. దాన్ని గొంగడి మనిషి ముందుకు చాపాడు. చంపడానికి వచ్చినవాడైనా సరే దూరం నడిచి వచ్చాడు కదా అనుకున్నాడో ఏమో. ఐలేశం కాసేపు ఆ చెంబు వంకే చూశాడు. తర్వాత అందుకుని గటగటా తాగాడు.

"మొన్న ఇంటికి పోయిన" అన్నాడు. "అవ్వ అంత చెప్పింది. చెప్పకున్నా నాకెర్క లేదా అక్కా? నేను వచ్చిపోయిన పొద్దు నాకు యాది లేదా? నా బిడ్డ నా బిడ్డని నాకొకలు చెప్పాల్నా?"

భద్రమ్మ గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయింది.

"మరెందుకొచ్చినవ్ తమ్మీ, నాకా ముంగట నుంచి?"

ఐలేశం చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అడవిలో తిరిగి తిరిగి మొద్దుబారిన ఆ మొహంలో సిగ్గు చూడ్డం ఆమెకు వింతగా ఉంది. "దాని చేతులకు అవ్వ పసుపు దారాలు కట్టింది. బోసిగున్నయి. ఊర్లె ఎవలు దాని చెయ్యి ముట్టరు, మిమ్మల్ని రానియ్యరు. నేను బతికుండంగ దాని చేతులు గట్లుంటె చూడలేకపోయిన." గొంగడి లోంచి చెయ్యి చాపాడు. "పచ్చగాజులియ్యక్కా. నేనే తొడుగుత."

"మగోనికి చాతగాదురా" అంది భద్రమ్మ. ఏడుపో నవ్వో తెలియలేదు. లేచి పెట్టె తీసింది. ఆ పిల్ల మణికట్టు తన వేళ్ళకు తెలుసు. తడుముకోకుండా గాజులు ఏరింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, ఆ బండ చేతినే గుర్వమ్మ చెయ్యి అనుకుని, బొటనవేలు అరచేతిలోకి ఎట్లా మడవాలో, గిలక ఎముక దగ్గర ఎంత మెల్లగా జరపాలో చూపింది. అతను పాఠం నేర్చుకునేవాడిలా తలూపాడు. గురవయ్య ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

గాజులు మూట కట్టబోతూ భద్రమ్మ ఆగిపోయింది. దారిలో నాకా ఉంది, జవాన్లున్నారు. అడవిలో నడిచే మగవాడి నడుము దగ్గర గాజుల గలగల వినిపిస్తే చాలు, ఇక తుపాకి గురి చూడక్కర్లేదు. పాత బొంత చించి దూది తీసింది. ఒక్కొక్క గాజుకు విడిగా దూది చుట్టింది. అన్నీ చేర్చి గుడ్డలో బిగించి కట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. చప్పుడు లేదు. మళ్ళీ ఊపి చూసింది.

ఐలేశం మూటను రొమ్ము దగ్గర దోపుకుని, గొంగడి కప్పుకుని వెళ్ళిపోయాడు. భద్రమ్మ దీపం ఆర్పి గడపలో నిలబడింది. ఆ వైపు నుంచి చిన్న గలగల వినిపిస్తుందేమోనని ఊపిరి బిగపట్టి విన్నది. వినిపించింది. మళ్ళీ వినిపించింది, చాలా దగ్గర నుంచి. వణుకుతున్నది తన చేతులే, మోగుతున్నది తన గాజులే. ఒక చేత్తో రెండో చేతి గాజులను గట్టిగా పట్టుకుని, చప్పుడు కానివ్వకుండా అట్లాగే నిలబడింది.